పౌరుషమంటే తొడ కొట్టడమేనా?

కర్నూలు, కడప పల్లెల్లో మనిషిని కదిలించాలంటే పెద్దగా తిట్టనక్కరలేదు. "పౌరుషం లేదేంరా నీకు?" అంటే చాలు. బాకీ ఎగ్గొట్టి తిరిగేవాణ్ణి ఆ మాటతోనే పొడుస్తారు. పరీక్ష తప్పి ముసుగుతన్ని పడుకున్న కుర్రాణ్ణి ఆ మాటతోనే లేపుతారు. అదే మాట ఇంకోచోట హెచ్చరిక అవుతుంది: "పౌరుషానికి పోయి ఉన్న నాలుగెకరాలూ కోర్టుల చుట్టూ పోగొట్టుకున్యాడు." మరోచోట నిండు మెప్పు: "ఆ పిల్లకు పౌరుషమెక్కువ, అన్నదమ్ముల దగ్గర చెయ్యి చాచదు."

రాయలసీమ దాటి బయటికి వెళితే మాత్రం ఈ మాట వినగానే చాలామందికి తోచేది ఒకటే దృశ్యం. దుమ్ము రేపుతూ వచ్చే సుమోలు, మెలేసిన మీసం, తొడ మీద చరిచిన చెయ్యి. ఆ దృశ్యం ఇచ్చింది సినిమా. సీమ జనం వందల ఏళ్లుగా ఎవరిని పౌరుషవంతుడన్నారు, ఎవరి పేర రాయి నిలిపారు, ఎవరి మీద పాట కట్టుకున్నారు అని వెతికితే ఈ మాటలో వేరే బరువు కనిపిస్తుంది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు మాట పుట్టుక చూద్దాం. సంస్కృతంలోని పురుష శబ్దం నుంచి వచ్చింది పౌరుషం. పురుషుడనగానే మగవాడనే అర్థం మనకు ముందు తోస్తుంది గానీ, మనిషి అనే అర్థం కూడా ఆ శబ్దానికి అంతే పాతది. వేదాలను అపౌరుషేయాలంటారు. మనుషులు చేసినవి కావని దాని భావం. దైవాన్ని ఒకవైపు, పౌరుషాన్ని ఒకవైపు పెట్టి మన పూర్వులు పెద్ద చర్చే చేశారు: నుదుటి రాత ఎంత, మనిషి చేతిలో ఉన్నది ఎంత అని. అక్కడ పౌరుషమంటే పూనిక, మానవయత్నం. నిటారుగా నిలబడి చేతులు పైకెత్తిన మనిషి ఎత్తును ఒక కొలతగా తీసుకుని దానికీ పౌరుషమనే పేరు పెట్టారు. బావి లోతును ఇన్ని నిలువులని చెప్పే మన అలవాటు దీనికి దగ్గరి చుట్టమే.

ఈ తొలి అర్థం సీమ నేలకు అతికినట్టు సరిపోతుంది. తొలకరి నమ్మించి మోసం చేస్తే, మొలిచిన పైరు కళ్లముందే ఎండిపోతే, మళ్లీ విత్తనం కొని మళ్లీ గొర్రు కట్టే రైతు చేస్తున్న పని ఏమిటి? దైవం కలిసిరాని చోట మనిషి చేసే ప్రయత్నమే కదా. ఆ రైతు మీసం ఎవరూ చూడరు. నిఘంటువు ప్రకారం పౌరుషమన్న మాటకు మొదటి హక్కుదారు మాత్రం అతనే.

వాడుకలో ఈ మాట రోషం, పంతం, అభిమానం అనే మాటలతో కలిసిపోయింది. జాగ్రత్తగా మాట్లాడే ముసలివాళ్లు ఇప్పటికీ వీటిని విడదీసే వాడతారు. రోషం పొంగుతుంది, చల్లారుతుంది. పంతానికి ఎదుటివాడు కావాలి, వాణ్ణి ఓడించాలి. అభిమానం మనసులో దాచుకునేది. పౌరుషం వీటన్నిటికంటే పని పెట్టే గుణం. అది ఉన్న మనిషి అన్న మాట నిలబెట్టుకోవాలి, తనను నమ్మి వచ్చినవాళ్ల భారం మోయాలి. "మాటంటే పడడు" అన్నది రోషం లెక్క. "మాట తప్పడు" అన్నది పౌరుషం లెక్క. ఈ రెండింటి మధ్య గీత చెరిగిన చోటల్లా సీమ నష్టపోయిందని నా నమ్మకం.

ఇంగ్లీషు చదువులతో మనకు 'షివల్రీ' అనే మాట కూడా వచ్చింది. ఆడవాళ్లకు తలుపు తెరిచి పట్టుకోవడం, బస్సులో లేచి సీటివ్వడం లాంటి మర్యాదలకు దాన్ని వాడుతున్నారు. దాని పుట్టుక గుర్రపుశాలలో ఉంది. ఫ్రెంచి భాషలో గుర్రాన్ని షెవాల్ అంటారు, గుర్రపు యోధుణ్ణి షెవాలియే అంటారు. నటుడు శివాజీ గణేశన్‌కు ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చిన 'షెవాలియర్' బిరుదుకు మూలం ఇదే. మన రౌతు కథా ఇలాంటిదే. రాజపుత్ర శబ్దం అరిగి అరిగి గుర్రపు యోధుడికి పేరయింది.

గుర్రమూ కత్తీ ఉన్న ప్రతివాడూ మర్యాదస్తుడని అనుకుంటే పొరపాటు. పదో శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో ఈ గుర్రపు యోధులే రైతుల గొడ్లను తోలుకుపోయేవాళ్లు, పల్లెలు దోచేవాళ్లు. వాళ్ల బాధ పడలేక క్రైస్తవ మతాధిపతులు సభలు పెట్టి, నిరాయుధుల జోలికి, పేదల పశువుల జోలికి పోమని వాళ్లచేత ప్రమాణాలు చేయించారు. తర్వాతి రెండు మూడు వందల ఏళ్లలో కవులు ఆ ప్రమాణాలకు నగిషీలు చెక్కి వీరధర్మంగా మార్చారు: శరణన్నవాణ్ణి చంపకూడదు, మాట తప్పకూడదు, దిక్కులేనివాళ్లకు అండగా ఉండాలి. ఆయుధం పట్టినవాడి చేతికి వేసిన కట్టడి అది. ఆచరణలో అది ఎక్కువగా దొరలూ దొరసానుల మధ్యే తిరిగింది, పొలంలో పనిచేసేవాళ్ల దాకా రావడం తక్కువ. అయినా ఆదర్శం ఆదర్శమే. బలవంతుడి గొప్పతనాన్ని అతని బలంతో కాక, దాన్ని ఎక్కడ ఆపుకున్నాడు, ఎవరికోసం వాడాడు అన్నదానితో కొలిచారు.

సీమలోనూ ఆయుధం పట్టినవాళ్ల చరిత్ర అచ్చంగా ఇలాగే రెండు ముఖాలతో ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీ వాళ్లకు ధారాదత్తం చేశాడు. అప్పటినుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోకు ఇక్కడ ఎదురైంది దాదాపు 80 మంది పాళెగాళ్లు, అంటే సొంత కోటలూ బలగమూ ఉన్న స్థానిక దొరలు. విజయనగర కాలం నుంచి కావలి కాసిన కుటుంబాలూ వాళ్లలో ఉన్నాయి, కావలి పేరుతో పల్లెల్ని పిండినవాళ్లూ ఉన్నారు. పాళెగాళ్లంతా ధర్మమూర్తులని రాస్తే అది చరిత్ర కాదు. అంతా దోపిడీదారులని కంపెనీ కాగితాలు రాసినదాన్ని యథాతథంగా నమ్మడమూ సరికాదు. మన్రో వాళ్ల కోటల్నీ బలగాన్నీ తీసేసి చాలామందికి నెలనెలా భరణం ఏర్పాటు చేశాడు. దాన్నే తవర్జీ అనేవాళ్లు.

పాళెగాళ్లకంటే ఎన్నో వందల ఏళ్ల ముందు నాటివి వీరగల్లులు, అంటే పోరులో చచ్చిన వీరుల పేర నిలిపిన రాళ్లు. కడప జిల్లా కలమళ్లలో ఆరో శతాబ్దపు రేనాటి చోళుల తెలుగు శాసనం దొరికిన సంగతి చాలామందికి తెలుసు. ఆ రేనాడంతటా, కర్నూలు వైపు కూడా, ఊరి బయట, గుడి వాకిట, చెరువు కట్ట పక్కన వీరుల రాళ్లు కనిపిస్తాయి. రాయి సాధారణంగా మనిషి నడుము ఎత్తు, కొన్ని అంతకంటే పెద్దవి. పూర్తిగా చెక్కిన రాయి అయితే మూడు అంతస్తులుంటుంది. అడుగున వీరుడు కత్తీ డాలూ పట్టి పోరాడుతుంటాడు, ఒక్కోసారి పక్కనే ఆవులు కూడా ఉంటాయి. మధ్యలో అప్సరసలు అతన్ని చెరో చెయ్యీ పట్టి పైకి తీసుకుపోతుంటారు. పైన శివలింగం ముందు అతను కూర్చుని ఉంటాడు, అటూ ఇటూ సూర్యచంద్రులు. ఇంత పనితనం లేని రాళ్లే ఎక్కువ: ఒక మనిషి, ఒక ఆయుధం, అంతే.

ఆ వీరులు దేనికోసం చచ్చిపోయారన్నదే మనకు ముఖ్యం. పక్కనే ఉన్న కన్నడ నేలలోని శాసనాలు ఆ కారణాలకు పేర్లే పెట్టాయి. తుఱుగోళ్ అంటే శత్రువులు తోలుకుపోతున్న పశువుల్ని విడిపించడం. పెణ్బుయ్యల్ అంటే ఆడవాళ్లకు జరుగుతున్న అవమానాన్ని అడ్డుకోవడం. ఊరళివు అంటే ఊరు నాశనమవుతుంటే కాపాడటం. తెలుగు వీరగల్లుల్లోనూ పశువుల కోసం, ఊరి కోసం జరిగిన పోరాటాలే కనిపిస్తాయి. మందలే ఆస్తిగా బతికిన మెట్ట ప్రాంతంలో ఊరి మందను తోలుకుపోతే ఊరు ఆకలితో చస్తుంది. ఆ మందకు అడ్డం నిలబడ్డవాడు వీరుడు. నన్ను ఫలానావాడు ఒక మాటన్నాడని కత్తి దూసి చచ్చినవాడికి రాయి నిలపాలని ఊరికి ఎందుకనిపిస్తుంది? ఊరు డబ్బు పెట్టి, రాయి తెచ్చి, చెక్కించి, మొక్కింది తనకోసం చచ్చినవాడికి.

మన అలంకారశాస్త్రమూ ఈ సంగతి గుర్తించింది. వీరరసాన్ని యుద్ధవీరం, దానవీరం, దయావీరం, ధర్మవీరం అని నాలుగుగా విభజించారు. అన్నం పెట్టేవాడి ఉత్సాహాన్నీ, జాలితో ముందుకు దూకేవాడి ఉత్సాహాన్నీ కత్తి పట్టినవాడి ఉత్సాహం పక్కనే, అదే పీట మీద కూర్చోబెట్టారు. ఇది పుస్తకాల్లోని విభజన మాత్రమే అనుకునేవాళ్లు కోవెలకుంట్ల ప్రాంతంలోని ఉయ్యాలవాడ చరిత్ర చూడాలి. పాత కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న ఆ ఒక్క ఊరి పేరు మీదే 19వ శతాబ్దంలో ఇద్దరు రెడ్లు జనం పాటల్లోకి ఎక్కారు. ఒకరు యుద్ధవీరుడు, ఇంకొకరు దానవీరుడు.

నరసింహారెడ్డి కథ అందరికీ తెలిసిందే. పాళెగాళ్ల వంశంవాడు. తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం జమీ తాలూకు వారసత్వం కూడా రాకుండాపోయింది. కోవెలకుంట్ల ఖజానాకు తవర్జీ కోసం మనిషిని పంపితే తాసిల్దారు అవమానించి తిప్పి పంపాడని జనం చెప్పుకుంటారు. ఇక్కడిదాకా ఇది రోషం కథ. ఒక దొరకు జరిగిన అవమానం, అతని కోపం. అదొక్కటే అయి ఉంటే పాట పుట్టేది కాదు. ఊళ్లకు కావలి కాసే కట్టుబడి బంట్లకు ఇచ్చిన మాన్యాలను కంపెనీ ప్రభుత్వం అదే కాలంలో వెనక్కి లాక్కుంటూ వచ్చింది. తరాలుగా ఆ చెక్క మీదే బతికినవాళ్లు వీధిన పడ్డారు. వాళ్లంతా నరసింహారెడ్డి వెనక చేరారు. వడ్డె ఓబన్న అతని కుడిభుజం. 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. నల్లమల అంచుల్లో కంపెనీ సేనలతో తలపడ్డారు. అక్టోబరులో పేరుసోముల కొండ దగ్గర నరసింహారెడ్డి చిక్కాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి, 1877 దాకా అలాగే ఉంచారు.

సొంత అవమానం నుంచి కట్టుబడుల అన్యాయం దాకా అతను నడిచిన ఆ దూరమే అతన్ని పౌరుషవంతుణ్ణి చేసిందని నేననుకుంటాను. ఓబన్న సంగతి ఇంకా గట్టిది. పోయిన తవర్జీ అతనిది కాదు, కోట అతనిది కాదు. అయినా చివరిదాకా నిలబడ్డాడు. పౌరుషమన్నది రెడ్లకో దొరలకో రాసిచ్చిన గుణమని ఎవరైనా అంటే, ఓబన్న పేరు ఒక్కటే సమాధానం.

రెండో మనిషి బుడ్డా వెంగళరెడ్డి. నరసింహారెడ్డిని ఉరి తీసిన 19 ఏళ్లకు, 1866లో, కర్నూలు ప్రాంతాన్ని పెద్ద కరువు పట్టుకుంది. సీమలో కరువంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. ముందు గొడ్లకు మేత పోతుంది, తర్వాత గింజలు పోతాయి, తర్వాత ఇంటికి తాళం వేసి పిల్లల్ని భుజానేసుకుని జనం దారిన పడతారు. అలా దారిన పడ్డవాళ్లకు వెంగళరెడ్డి తన గాదెలు తెరిచాడు. వేల మందికి నెలల తరబడి కడుపు నింపాడు. ఎవరిదే ఊరు, ఎవరిదే కులం అని చూడలేదు. ఈ సంగతి ఇంగ్లండు దాకా పోయి విక్టోరియా రాణి పేర బంగారు పతకం వచ్చింది. జనం ఇచ్చిన పతకం దానికంటే పెద్దది. ఆయన మీద పాట కట్టి తరతరాలుగా పాడుకుంటున్నారు.

గాదె తెరవడానికి ధైర్యమెందుకని అడగవచ్చు. మరుసటి ఏడు వాన వస్తుందన్న పూచీ ఎవరిచ్చారు? సీమలో గింజలున్న ఇల్లు వాటిని దాచుకోవడం తప్పు కాదు, అది లోకరీతి. రేపు తన పిల్లలకు లేకపోవచ్చునని తెలిసీ ఈ రోజు పరాయి పిల్లలకు పెట్టడానికి గుండె కావాలి. పది మందిలో కత్తి దూసేవాడికి వెనక కేకలు వేసేవాళ్లుంటారు. ఆకలితో వచ్చినవాళ్ల వరస రోజురోజుకీ పెరుగుతుంటే, గాదెలో గింజ తరుగుతుంటే, రేపటి పొయ్యి కూడా వెలిగించమని చెప్పడం ఇంకా కష్టం. పౌరుషమన్న మాటకు సీమలో నాకు తెలిసిన అత్యున్నత ఉదాహరణ ఇదే.

తర్వాతి కాలంలో ఈ మాట ఇరుకైపోయింది. ఫ్యాక్షన్ గొడవల్లో పౌరుషం పేరుతో మనుషుల్ని ఉసిగొల్పారు. ఉసిగొల్పినవాళ్లు పెద్ద ఇళ్లలో ఉన్నారు, నాటుబాంబులు పట్టుకుని ముందు నడిచినవాళ్లు కూలీనాలీ చేసుకునేవాళ్లు. చచ్చిందీ జైలుకు పోయిందీ ఎక్కువగా వాళ్లే. ఇంటి మగవాళ్లు పోయాక పొలం, పిల్లలు, కోర్టు వాయిదాలు అన్నీ ఆడవాళ్ల మీద పడ్డాయి. పక్క వర్గంవాడి చీనీ (బత్తాయి) చెట్లు నరకడాన్ని కూడా పౌరుషమన్నారు. మందను కాపాడి చచ్చినవాడికి రాయి నిలిపిన నేల మీద కాసే చెట్టును రాత్రిపూట నరికి పౌరుషమనడం ఎంత ఘోరం! అది పంతం, ఒట్టి పంతం.

దానికి సినిమా తోడైంది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'. వరసగా వచ్చిన ఈ విజయాలతో సీమ అంటే పగ, పౌరుషమంటే నరుకుడు అనే ముద్ర స్థిరపడిపోయింది. హైదరాబాదులో చదువుకునే కర్నూలు కుర్రాణ్ణి తోటివాళ్లు "బాంబులు తెచ్చావా?" అని అడిగే పరిస్థితి వచ్చింది. 2003 నాటి 'ఒక్కడు'లో మాత్రం ఒక తేడా కనిపిస్తుంది. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర, ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి ఆపదలో ఉంటే ఒక కబడ్డీ ఆటగాడు అడ్డం పడతాడు. ఆ కథానాయకుడికి పగ లేదు, వంశం లేదు, కాపాడాలన్న ఆత్రమే ఉంది. పాత వీరధర్మానికి దగ్గరగా ఉన్నది అదే. అయితే అందులోనూ కాపాడేవాడు బయటినుంచి వచ్చాడు, సీమవాడికి దక్కింది తరిమే పాత్రే. సీమలో పుట్టిపెరిగినవాళ్లకు అది నొప్పే.

నిజమైన సీమ పౌరుషం సాహిత్యంలో దొరుకుతుంది. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన 'కొండపొలం' నవల 2019లో తానా బహుమతి పొందింది. 2021లో సినిమా కూడా అయింది. ఊళ్లో నీళ్లూ మేతా కరువై గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. పులి భయం, దొంగల భయం, దారి తప్పే భయం. చదువుకుని, ఉద్యోగం దొరక్క, బెరుకుతో కుంగిపోయిన కుర్రాడు ఆ అడవిలో తన మందకు తానే కాపరి అవుతాడు. మందకు అడ్డం నిలబడటమన్న పాత వీరగల్లు నీతే ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. ఎదుట కత్తి పట్టిన శత్రువు లేడు, కరువుంది, అంతే తేడా.

ఇక ఆడవాళ్ల మాట. పౌరుషం మగవాళ్ల సొత్తయితే "ఆమెకు పౌరుషమెక్కువ" అని సీమలో ఇంత సహజంగా అనరు. మొగుడు పోతే పుట్టింటికి పోకుండా, కూలికి పోయి పిల్లల్ని చదివించిన మనిషిని ఊరు ఆ మాటతోనే గౌరవిస్తుంది. ఇంకొకరి ముందు తల వంచకుండా తన భారం తాను మోయడమని అక్కడ దాని అర్థం. ఆ వాడుక తప్పు కాదు. పురుష శబ్దానికి మనిషి అన్న పాత అర్థాన్ని చదువురాని నోళ్లు పోగొట్టుకోకుండా కాపాడాయి.

2021లో ఓర్వకల్లు దగ్గర మొదలైన కర్నూలు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, సంతోషం. వెంగళరెడ్డి కరువు కథను కూడా మన బడిపిల్లలకు అదే గౌరవంతో, నరసింహారెడ్డి పాఠం పక్కనే చెప్పాలి. ఒక ఊరి ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూపిస్తే పౌరుషమంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

చదివేవాళ్లకు ఇంకొక్క విన్నపం. మీ ఊరి బయట కత్తి పట్టిన మనిషి బొమ్మతో పాత రాయి ఏదైనా ఉంటే అది వీరగల్లు కావచ్చు. దాన్ని పునాదిలో వేయనివ్వకండి, గుడి బాగుచేసేటప్పుడు సిమెంటు పూయనివ్వకండి. అక్షరాలుంటే సున్నం, రంగు పడకుండా చూడండి. రాయి ఎక్కడుందో అక్కడే ఉంచి, పగటి వెలుగులో ఫొటో తీసి, ఊరి పేరు, మండలం, ఆ రాయిని ఊళ్లో ఏమని పిలుస్తారో రాసి పురావస్తు శాఖకు పంపండి. కర్నూలులో ప్రభుత్వ మ్యూజియం ఉంది, కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. అక్కడికి వెళ్లి చూపించినా సరే.